0.5 వోల్ట్ దాటాకే కదిలే ఆంప్లిఫయర్: ఎల్ఎం358తో ఒక డిజైన్

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అపార్ట్‌మెంట్ వాటర్ పంప్‌కి వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) ఉంది, పైపు మీద ప్రెషర్ సెన్సార్ బిగించారు. సెన్సార్‌కి 5 వోల్టుల సప్లై ఇస్తే ప్రెషర్ లేనప్పుడు 0.5 వోల్ట్, ఫుల్ ప్రెషర్‌లో 4.5 వోల్టులు ఇస్తుంది. డ్రైవ్‌కి మాత్రం 0 నుంచి 10 వోల్టులు కావాలి. అంటే ఇన్‌పుట్ 0.5 దాటేదాకా అవుట్‌పుట్ సున్నాలోనే ఉండి, అక్కణ్నుంచి సమంగా పెరుగుతూ 4.5 దగ్గర 10కి చేరాలి. మీరు ఐసీ 741 అనే ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) తీసుకుని, ఇన్‌పుట్‌కి సిరీస్‌లో 1ఎన్4148 డయోడ్ పెట్టి, 15 వోల్టుల సింగిల్ సప్లై మీద చూశారు. ఇన్‌పుట్ సున్నా చేసినా అవుట్‌పుట్ 1.8 వోల్టుల దగ్గరే ఆగిపోతోంది. పైగా మధ్యాహ్నం ఎండెక్కాక రీడింగ్ మారిపోతోంది.

సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు డ్రైవ్ మాన్యువల్ ఒకసారి తిరగేయండి. ఇప్పుడొచ్చే డ్రైవ్‌లలో చాలావాటికి అనలాగ్ ఇన్‌పుట్ మినిమమ్, మ్యాక్సిమమ్ వోల్టేజ్ అని రెండు పారామీటర్లు ఉంటాయి. వాటిలో 0.5, 4.5 అని పెట్టేస్తే పనైపోయింది, ఏ సర్క్యూటూ అక్కర్లేదు. ఆ సెట్టింగ్ లేని పాత డ్రైవ్ అయితేనో, ప్రాజెక్టుగా చేయాలనుకుంటేనో మిగతాది చదవండి.

ముందు కాగితం మీద గ్రాఫ్ గీయండి. అడ్డంగా ఇన్‌పుట్, నిలువుగా అవుట్‌పుట్. థ్రెషోల్డ్ (అవుట్‌పుట్ కదలడం మొదలయ్యే ఇన్‌పుట్ వోల్టేజ్) అనగానే మనవాళ్ల మనసులో రెండు వేర్వేరు బొమ్మలు ఉంటాయి. మొదటి దాంట్లో 0.5 దాకా గీత నేలమీదే పాకి, అక్కణ్నుంచి ఏటవాలుగా ఎక్కుతుంది. 0.5 దాటిన భాగం మాత్రమే ఆంప్లిఫై అవుతుంది. రెండో దాంట్లో 0.5 దాకా సున్నా, దాటగానే గీత ఒక్కసారిగా ఎగిరి, మొత్తం సిగ్నల్ గెయిన్‌తో (ఎన్ని రెట్లు పెంచాలో ఆ లెక్కతో) సహా బయటికి వస్తుంది. ఈ రెండోది గేటు లాంటి పని. మైక్ సిగ్నల్‌లో చిన్న చిన్న గరగరలను ఆపడానికి అదే వాడతారు. దానికి ఎల్ఎం393 లాంటి కంపారేటర్, సీడీ4066 లాంటి అనలాగ్ స్విచ్, కాస్త హిస్టరిసిస్ (ఆన్, ఆఫ్ అయ్యే వోల్టేజ్‌ల మధ్య చిన్న తేడా) కావాలి. మీకు కావాల్సింది మొదటిది. ఈ తేడా తేల్చుకోకుండా నెట్‌లో దొరికిన బొమ్మను కాపీ చేయడం వల్లే సగం మంది ఇరుక్కుంటారు.

మొదటి రకంలో థ్రెషోల్డ్ కోసం విడిగా ఒక పార్ట్ అంటూ ఉండదు. అది వట్టి సరళరేఖ సమీకరణం:

అవుట్‌పుట్ = 2.5 × (ఇన్‌పుట్ − 0.5)

4.5లోంచి 0.5 తీస్తే 4, దాన్ని 2.5తో గుణిస్తే 10. ఇన్‌పుట్ 0.5 కంటే తగ్గితే ఈ లెక్క ప్రకారం అవుట్‌పుట్ మైనస్‌లోకి పోవాలి. కానీ ఆప్-ఆంప్‌కి మైనస్ సప్లై ఇవ్వకపోతే అది ఎలా వెళ్తుంది? గచ్చు మీద పెట్టిన బిందె గచ్చు కంటే కిందికి దిగనట్టే, గ్రౌండ్ దగ్గర ఆగిపోతుంది. అంటే మీరు డయోడ్‌తో తేవాలని చూసిన కటాఫ్‌ని సింగిల్ సప్లై ఊరికే ఇస్తుంది. మనం చేయాల్సిందల్లా గీతను సరైన చోట నేలకు తాకించడం, నిజంగా నేల దాకా దిగగల ఐసీని ఎంచుకోవడం.

741తో అది ఎందుకు కుదరలేదో చెప్తాను. 1968లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన ఈ ఐసీని ప్లస్, మైనస్ రెండు సప్లైలూ ఉంటాయన్న లెక్కతో తయారుచేశారు. దాని అవుట్‌పుట్ కింది సప్లైకి ఒకటిన్నర, రెండు వోల్టుల దూరంలోనే ఆగుతుంది. ఇన్‌పుట్‌లు కూడా కింది సప్లైకి దగ్గరగా వస్తే సరిగ్గా పనిచేయవు. కాలేజీ ల్యాబ్‌లో ±15 మీద చేస్తారు కాబట్టి అక్కడ ఈ సంగతి బయటపడదు. మీ బోర్డులో మైనస్ పిన్ గ్రౌండ్‌కి ఉంది, కాబట్టి 1.8 దగ్గర ఆగడం మామూలే, ఐసీ పాడవలేదు. టీఎల్072 పెడదామా అంటారేమో, వద్దు. పాత టీఎల్072లకు ఇంకో జబ్బు ఉంది: ఇన్‌పుట్ దాని పరిధి దాటి కిందికి పోతే అవుట్‌పుట్ తిరగబడి పైకి ఎగురుతుంది. పంప్ నడిపే చోట అది ప్రమాదం.

డయోడ్ సంగతి. ఆప్-ఆంప్ ఇన్‌పుట్‌కి సిరీస్‌లో పెట్టిన డయోడ్‌లోంచి దాదాపు కరెంటే పోదు. కరెంట్ లేనిదే 0.6 డ్రాప్ రాదు. గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్ పెట్టి కరెంట్ పోనిచ్చినా ఆ డ్రాప్ స్థిరంగా ఉండదు. కరెంట్ పదింతలు పెరిగితే డ్రాప్ 60 నుంచి 120 మిల్లీవోల్టుల దాకా పెరుగుతుంది కాబట్టి మలుపు పదునుగా కాకుండా వంపు తిరిగినట్టు వస్తుంది. వేడికి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. పొద్దున 25 డిగ్రీలున్న ప్యానెల్ మే నెల మధ్యాహ్నం 55కి చేరితే 60 మిల్లీవోల్టుల మార్పు. గెయిన్ 2.5 కాబట్టి అవుట్‌పుట్‌లో 150. పది వోల్టుల స్కేల్‌లో ఒకటిన్నర శాతం ఎండకే పోయింది. మీరు చూసింది ఇదే.

ఇక డిజైన్. ఐసీ ఎల్ఎం358. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. దీని ఇన్‌పుట్‌లు గ్రౌండ్ దాకా పనిచేస్తాయి, అవుట్‌పుట్ కూడా తక్కువ లోడ్‌తో గ్రౌండ్‌కి కొన్ని మిల్లీవోల్టుల దగ్గరికి దిగుతుంది. పైకి మాత్రం సప్లై కంటే ఒకటిన్నర వోల్ట్ కిందే ఆగుతుంది. మనకు 10 కావాలి కాబట్టి 12 సప్లై మరీ బొటాబొటీ. ప్యానెల్‌లో 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (డీసీ సప్లై) ఉందంటున్నారు కదా, దాన్నుంచి 7815 రెగ్యులేటర్ పెట్టి 15 తీసుకుని ఐసీ పిన్ 8కి ఇవ్వండి, పిన్ 4 గ్రౌండ్‌కి. సెన్సార్‌కి 7805 విడిగా. రెండు రెగ్యులేటర్లకూ ఇన్‌పుట్ వైపు 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్ వైపు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కాళ్ల దగ్గరే పెట్టండి.

సర్క్యూట్‌ని మాటల్లో చెప్తాను, పక్కన బొమ్మ గీసుకోండి. సెన్సార్ సిగ్నల్ 56కె (56 కిలోఓమ్) రెసిస్టర్ ద్వారా పిన్ 3కి, అంటే నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. పిన్ 3 నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్. పిన్ 2 (ఇన్వర్టింగ్ ఇన్‌పుట్) దగ్గర మూడు రెసిస్టర్లు కలుస్తాయి: ఒకటి సెన్సార్ 5 వోల్టులకి 600కె, ఇంకోటి గ్రౌండ్‌కి 120కె, మూడోది అవుట్‌పుట్‌కి, అంటే పిన్ 1 వైపుకి 150కె (దీన్నే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ అంటారు). థ్రెషోల్డూ గెయినూ రెండూ ఈ మూడింట్లోనే ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే చేత్తో లెక్క కట్టండి. ఆప్-ఆంప్ తన రెండు ఇన్‌పుట్‌లూ సమానమయ్యేలా అవుట్‌పుట్‌ని కదుపుతుంది. ఇన్‌పుట్ 0.5 అయితే పిన్ 2 కూడా 0.5 దగ్గర ఉంటుంది. 600కె మీద 4.5 వోల్టులు, కాబట్టి 7.5 మైక్రోఆంప్‌లు లోపలికి వస్తాయి. 120కె మీద 0.5 వోల్ట్, 4.17 మైక్రోఆంప్‌లు గ్రౌండ్‌కి పోతాయి. మిగిలిన 3.33 మైక్రోఆంప్‌లకి 150కె లోంచి అవుట్‌పుట్ వైపు పోవడమే దారి. 150కె మీద డ్రాప్ 0.5 వోల్ట్. అంటే అవుట్‌పుట్ సరిగ్గా సున్నా. అదే ఇన్‌పుట్ 4.5 అయితే 600కె లోంచి 0.83 మాత్రమే వస్తుంది, 120కె లోంచి 37.5 పోతుంది. లోటు 36.67 మైక్రోఆంప్‌లు అవుట్‌పుట్ నుంచి 150కె ద్వారా రావాలి, అంటే 5.5 వోల్టుల డ్రాప్. 4.5కి 5.5 కలిపితే 10.

మీ నంబర్లు వేరే అయితే ఇలా కట్టండి. ముందు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒకటి అనుకోండి. పై రెసిస్టర్ (5 వోల్టులకి వెళ్లేది) = ఫీడ్‌బ్యాక్ × 5 ÷ (గెయిన్ × థ్రెషోల్డ్). ఇక్కడ 150 × 5 ÷ 1.25 = 600. కింది రెసిస్టర్‌కి, గెయిన్‌లోంచి 1 తీసేసి, ఫీడ్‌బ్యాక్ ÷ పై రెసిస్టర్ విలువను కూడా తీసేసి, మిగిలినదానితో ఫీడ్‌బ్యాక్‌ని భాగించండి. 2.5 − 1 − 0.25 = 1.25, 150 ÷ 1.25 = 120. ఆ మిగిలింది మైనస్ వస్తే ఈ అమరిక ఆ పనికి చాలదని అర్థం. గెయిన్ 1 పెట్టి థ్రెషోల్డ్ మాత్రం తీసేయాలంటే నాలుగు రెసిస్టర్ల డిఫరెన్షియల్ ఆంప్లిఫయర్‌కి వెళ్లాలి.

600కె విలువ షాపులో దొరకదు. 330కె, 270కె సిరీస్‌లో పెడితే సరిపోతుంది. అన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్ తీసుకోండి, బోర్డుకి పడే ఖర్చు కూడా పెద్దగా పెరగదు.

ఇంత పెద్ద విలువలు ఎందుకు, 15కె, 10కె పెట్టకూడదా అని అడుగుతారు. ఎల్ఎం358తో చాలామంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చెప్తాను. అవుట్‌పుట్ సున్నా దగ్గర ఉన్నప్పుడు ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ద్వారా కరెంట్ ఐసీ లోపలికి వస్తోంది, ఐసీ దాన్ని మింగాలి. గ్రౌండ్‌కి అంత దగ్గరగా ఉన్నప్పుడు ఎల్ఎం358లో ఆ పని చేసేది లోపలున్న చిన్న కరెంట్ సింక్ ఒక్కటే. అవుట్‌పుట్ 0.2 వోల్ట్ ఉన్నప్పుడు అది మింగగలిగేది డేటాషీట్‌లో టిపికల్‌గా 50 మైక్రోఆంప్‌లు, కానీ మినిమమ్ 12 మాత్రమే. పది రెట్లు చిన్న రెసిస్టర్లు పెడితే మనకు 33 మైక్రోఆంప్‌లు కావాలి. ఒక ఐసీతో చక్కగా పనిచేస్తుంది. అదే షాపులో కొన్న ఇంకో ఐసీ పెడితే అవుట్‌పుట్ అర వోల్ట్ దగ్గర మొండికేస్తుంది, ఎందుకో తెలియక జుట్టు పీక్కుంటారు. 3.33 మైక్రోఆంప్‌లైతే ఆ గొడవ లేదు. దీనికి తోడు అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక 10కె పెట్టండి. ఐసీ బొత్తిగా ఏమీ మింగకపోయినా ఆ కరెంట్‌కి 10కె మీద వచ్చేది 33 మిల్లీవోల్టులే. డ్రైవ్‌కి అది సున్నాతో సమానం.

పిన్ 3 దగ్గర 56కె కూడా ఊరికే పెట్టింది కాదు. ఎల్ఎం358 ఇన్‌పుట్‌ల నుంచి టిపికల్‌గా 45 నానోఆంప్‌ల చిన్న కరెంట్ (బయాస్ కరెంట్) బయటికి వస్తుంది. పిన్ 2 వైపు మూడు రెసిస్టర్లు సమాంతరంగా చూస్తే 60కె, దాని మీద 2.7 మిల్లీవోల్టులు పుడతాయి. పిన్ 3 వైపు కూడా దాదాపు అంతే రెసిస్టెన్స్ ఉంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా 56కె, 0.1 మైక్రోఫారడ్ కలిసి 28 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ ఫిల్టర్ అవుతాయి. డ్రైవ్ పీడబ్ల్యూఎం (మోటార్‌కి వోల్టేజ్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేసే పద్ధతి) చేసే కీచు గోల చాలావరకు అక్కడే ఆగుతుంది. నీళ్ల ప్రెషర్‌కి ఆ వేగం చాలు. ఐసీ సొంత ఆఫ్‌సెట్ (రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉండే చిన్న తేడా) 7 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు, దాన్ని ప్రీసెట్‌తో (స్క్రూ తిప్పి విలువ మార్చే రెసిస్టర్‌తో) సర్దేస్తాం. వేడికి అది మారేది డిగ్రీకి టిపికల్‌గా 7 మైక్రోవోల్టులు. ఆ 30 డిగ్రీల తేడాకి పావు మిల్లీవోల్ట్ కూడా కాదు. డయోడ్ 60 మిల్లీవోల్టులతో పోల్చి చూసుకోండి.

600కె పై కొసని సెన్సార్‌కి వెళ్లే 5 వోల్టులకే కలపమన్నాను, గమనించారా? 0.5–4.5 సెన్సార్లు చాలావరకు రేషియోమెట్రిక్. అంటే వాటి అవుట్‌పుట్ సప్లైలో పదో వంతు నుంచి పదిలో తొమ్మిది వంతుల దాకా. మీ సెన్సార్ డేటాషీట్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. 7805 నిజానికి 4.8 నుంచి 5.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 4.8 ఇచ్చిందనుకోండి, సెన్సార్ సున్నా 0.48కి దిగుతుంది. మన రెఫరెన్స్ కూడా అదే 5 వోల్టుల నుంచి వస్తోంది కాబట్టి థ్రెషోల్డ్ కూడా దానితోపాటే 0.48కి దిగుతుంది. సున్నా సున్నాగానే ఉంటుంది, పైన మాత్రం 10 బదులు 9.6 వస్తుంది, అది ప్రీసెట్‌తో సరిచేయొచ్చు. ఇక్కడ మంచి పని చేస్తున్నాననుకుని ఖరీదైన ఫిక్స్‌డ్ రెఫరెన్స్ ఐసీ పెడితే సున్నా జారుతుంది. ఇలాంటి చోట ఎక్కువ ఖర్చు పెట్టినకొద్దీ ఫలితం చెడుతుంది.

అవుట్‌పుట్ వైపు రక్షణ. సెన్సార్ సిగ్నల్ తీగ పొరపాటున 5 వోల్టులకి తగిలితే లెక్క ప్రకారం 11.25 వస్తుంది. ఇంకా పెద్ద వోల్టేజ్ తగిలితే ఐసీ 13.5 దాకా పోగలదు. డ్రైవ్ ఇన్‌పుట్ దాన్ని ఓర్చుకుంటుందో లేదో మనం పరీక్షించనక్కర్లేదు. పిన్ 1 తర్వాత 470 ఓమ్ సిరీస్‌లో, దాని తర్వాత గ్రౌండ్‌కి 11 వోల్టుల జెనర్ (వోల్టేజ్‌ని 11 దగ్గర ఆపే డయోడ్), అంటే 1ఎన్4741. 10 వోల్టుల జెనర్ వద్దు, ఫుల్ స్కేల్ దగ్గరే కరెంట్ లాగడం మొదలుపెడుతుంది. 150కె ఫీడ్‌బ్యాక్‌ని పిన్ 1 నుంచి కాకుండా 470 తర్వాతి పాయింట్ నుంచి తీసుకోండి. అప్పుడు ఆ 470 మీద ఎంత డ్రాపయినా ఆప్-ఆంప్ సరిదిద్దుకుంటుంది. పొడవాటి కేబుల్ కెపాసిటెన్స్‌కి ఎల్ఎం358 ఆసిలేట్ కాకుండా పిన్ 1 నుంచి నేరుగా పిన్ 2కి 1 నానోఫారడ్ పెట్టండి. పిన్ 8 నుంచి పిన్ 4కి 0.1 మైక్రోఫారడ్ ఎలాగూ ఉండాలి.

గ్రౌండ్ విషయంలో ఒక్కటి చూసుకోండి. సెన్సార్ మైనస్ తీగలోంచి రిలే కరెంట్‌గానీ డ్రైవ్ కంట్రోల్ కరెంట్‌గానీ పోకూడదు. 0.25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి మీటరుకి 0.07 ఓమ్ ఉంటుంది. 20 మీటర్లకి 1.4 ఓమ్. సెన్సార్ తాగే 10 మిల్లీఆంప్‌లకే 14 మిల్లీవోల్టులు, అవుట్‌పుట్‌లో 35. అది సర్దుకుంటుంది, ఎప్పుడూ అంతే ఉంటుంది కాబట్టి ప్రీసెట్‌తో పోతుంది. అదే తీగలో రిలే వచ్చి పోతుంటే మాత్రం సున్నా గంతులేస్తుంది. షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఒక్క చివరే గ్రౌండ్ చేయండి, సిగ్నల్ కేబుల్‌ని మోటార్ కేబుల్‌తో ఒకే పైపులో లాగొద్దు.

క్యాలిబ్రేషన్. 600కె స్థానంలో 560కె, దానికి సిరీస్‌లో 100కె మల్టీటర్న్ ప్రీసెట్ పెట్టండి, అది జీరో. 150కె స్థానంలో 120కె, 50కె ప్రీసెట్, అది స్పాన్. సెన్సార్ బదులు 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 10కె పాట్ పెట్టి, మధ్య కాలు నుంచి ఇన్‌పుట్ ఇవ్వండి. ఇప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, ఇన్‌పుట్ 0.5 పెట్టి అవుట్‌పుట్ సున్నా వచ్చేదాకా జీరో ప్రీసెట్ తిప్పుతారు. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. సున్నా వచ్చాక ఇంకా తిప్పినా మీటర్ సున్నానే చూపిస్తుంది, ఎందుకంటే దాని కింద ఉన్నదంతా నేలే. థ్రెషోల్డ్ 0.5 దగ్గరుందో 0.55 దగ్గరుందో మీకు తెలియదు. అందుకే గీత మీద రెండు పాయింట్లు పట్టుకోవాలి. ఇన్‌పుట్ 0.90 పెట్టి జీరో ప్రీసెట్‌తో అవుట్‌పుట్ 1.00 తెండి. ఇన్‌పుట్ 4.10 పెట్టి స్పాన్ ప్రీసెట్‌తో 9.00 తెండి. ఒకటి తిప్పితే ఇంకోటి కొంచెం కదులుతుంది, కంగారు పడకండి. కింద, పైన మార్చి మార్చి మూడు నాలుగు సార్లు చేస్తే రెండూ కుదురుకుంటాయి. తర్వాత 2.50 దగ్గర 5.00 వచ్చిందో లేదో చూడండి. ఇన్‌పుట్ 0.40కి దించితే కొన్ని మిల్లీవోల్టులే కనబడాలి. పూర్తిగా 5కి లేపితే 11 దగ్గర ఆగాలి.

బ్రెడ్‌బోర్డ్ మీద సరిగా వచ్చి పీసీబీ మీద జీరో మెల్లగా జారుతుంటే ఐసీని అనుమానించకముందు పిన్ 2 చుట్టూ ఫ్లక్స్ మడ్డి ఉందేమో చూడండి. 600కె ఉన్న చోట ఆ మడ్డి, తేమ కలిసి ఇంకో రెసిస్టర్‌లా పనిచేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం ఇది మామూలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్‌తో కడిగి, ఆరాక కన్ఫార్మల్ కోటింగ్ కొట్టేస్తే సరి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. తయారీదారు సెన్సార్‌ని సున్నా నుంచి కాకుండా 0.5 నుంచి ఎందుకు మొదలుపెట్టాడు? తీగ తెగితే 0 వస్తుంది, ప్రెషర్ లేకపోతే 0.5 వస్తుంది, రెండింటినీ వేరుగా గుర్తుపట్టొచ్చని. మనం కట్టిన ఆంప్లిఫయర్ సరిగ్గా ఆ తేడానే చెరిపేస్తోంది. ఎలుక కేబుల్ కొరికేసిందనుకోండి, డ్రైవ్‌కి 0 వోల్టులు వెళ్తాయి. డ్రైవ్ లోపలి పీఐడీ (ప్రెషర్‌ని బట్టి వేగం మార్చే కంట్రోల్) ప్రెషర్ అసలే లేదనుకుని పంప్‌ని ఫుల్ స్పీడ్‌లో తోలుతుంది, పైపులో ప్రెషర్ ఎంతున్నా సరే. నా దృష్టిలో ఈ రక్షణ లేకుండా బోర్డుని పంప్‌కి కలపకూడదు. పైగా దీనికి కొత్త ఐసీ కూడా అక్కర్లేదు, ఎల్ఎం358లో రెండో సగం ఖాళీగానే ఉంది.

సెన్సార్ ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి గ్రౌండ్‌కి 22కె పెట్టండి, తీగ తెగితే ఇన్‌పుట్ గాలిలో వేలాడకుండా కిందికి దిగడానికి. అదే టెర్మినల్ నుంచి 10కె ద్వారా పిన్ 5కి (రెండో సగం నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్), పిన్ 7 (దాని అవుట్‌పుట్) నుంచి పిన్ 5కి 2.2 మెగ్, హిస్టరిసిస్ కోసం. పిన్ 6కి (దాని ఇన్వర్టింగ్ ఇన్‌పుట్) 15 వోల్టుల నుంచి 470కె, గ్రౌండ్‌కి 10కె, అంటే 0.31 వోల్ట్. ఇక్కడ రెఫరెన్స్‌ని 5 నుంచి కాకుండా 15 నుంచి తీసుకున్నది కావాలనే. 7805 పోతే సెన్సార్‌తోపాటు రెఫరెన్స్ కూడా సున్నా అయిపోతే పోలిక పనిచేయదు. ఈ విలువలతో ఇన్‌పుట్ సుమారు 0.25 కంటే దిగితే పిన్ 7 కిందికి పడుతుంది, మళ్లీ 0.31 దాటితే లేస్తుంది. 22కె బదులు 100కె పెడదామనుకోవద్దు. తీగ తెగినప్పుడు 2.2 మెగ్ ద్వారా వెనక్కి వచ్చే కరెంట్ పిన్ 5ని 0.6 వోల్ట్ దగ్గర నిలబెట్టేస్తుంది, అప్పుడు సర్క్యూట్ అంతా బాగానే ఉందనుకుంటుంది.

పిన్ 7 నుంచి 2.2కె ద్వారా పీసీ817 ఆప్టోకప్లర్ (కాంతి ద్వారా సిగ్నల్ దాటించే ఐసీ) ఎల్ఈడీకి ఇవ్వండి, 5.6 మిల్లీఆంప్‌ల దాకా వస్తుంది. ట్రాన్సిస్టర్ వైపు డ్రైవ్ డిజిటల్ ఇన్‌పుట్‌కి కలిపి, ఆ ఇన్‌పుట్‌ని ఎక్స్‌టర్నల్ ఫాల్ట్‌గా, సిగ్నల్ ఉంటే ఓకే, పోతే ట్రిప్ అన్న పద్ధతిలో సెట్ చేయండి. తీగ తెగినా, 5 వోల్టులు పోయినా, 15 వోల్టులు పోయినా పంప్ ఆగుతుంది. డ్రైవ్‌లో డిలే సెట్టింగ్ ఉంటే ఒక సెకను ఇవ్వండి, ఊరికే చిన్న కుదుపుకి ట్రిప్ కాకుండా. బోర్డు బిగించాక సెన్సార్ ప్లగ్ మీ చేత్తో పీకి, పంప్ నిజంగా ఆగిందో లేదో చూసుకున్నాకే మూత వేయండి.

కింద ఇంకొకరు 4–20 మిల్లీఆంప్ ట్రాన్స్‌మిటర్‌కి (వోల్టేజ్ బదులు కరెంట్‌తో రీడింగ్ పంపే సెన్సార్‌కి) ఇదే పనికొస్తుందా అని అడిగారు. వస్తుంది. టెర్మినల్ దగ్గర 22కె స్థానంలో 250 ఓమ్ 1 శాతం పెడితే 1 నుంచి 5 వోల్టులు వస్తాయి. గెయిన్ అదే 2.5, థ్రెషోల్డ్ 1. పై సూత్రం ప్రకారం పై రెసిస్టర్ 300కె, కిందిది 150కె, ఫీడ్‌బ్యాక్ 150కె. ఐసీ మింగాల్సింది 6.7 మైక్రోఆంప్‌లు, ఇంకా 12 లోపలే ఉన్నాం. కాకపోతే కరెంట్ లూప్ రేషియోమెట్రిక్ కాదు, కాబట్టి ఇక్కడ 7805 మీద ఆధారపడొద్దు. 15 వోల్టుల నుంచి 2.2కె ద్వారా టీఎల్431 (స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే రెఫరెన్స్ ఐసీ) పెట్టి, రెండు సమాన 10కె రెసిస్టర్లతో దాన్ని 5 వోల్టులకి సెట్ చేసి, 300కె పై కొసని దానికి కలపండి. తీగ తెగితే పట్టుకునే రెండో సగం ఉన్నదున్నట్టే పనిచేస్తుంది.